దెబ్బ కింది చప్పుడు

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చేవాళ్ళు "స్టూడియో ఆయన" అంటారు. దగ్గరివాళ్ళు మాత్రం చాటుగా "వచ్చేమోడల్" అంటారు. కొత్త కెమెరా ఎప్పుడు కొంటావని ఎవరడిగినా తొమ్మిదేళ్ళుగా అతను చెప్పే జవాబు ఒక్కటే: "వచ్చే మోడల్ చూసి." వచ్చే మోడల్ వచ్చేది. రాగానే దాని వెనక ఇంకొకటి బయల్దేరిందని కబురు వచ్చేది. వాన కాస్త తగ్గాక వెళదామనుకునే మనిషిలా అతను తొమ్మిదేళ్ళూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అలాగని ఆశ లేదని కాదు. శుక్రవారం మధ్యాహ్నం స్టూడియోకి ఎవరూ రారు. షట్టరు సగం దించి, రెండు వీధుల అవతల ఉన్న కెమెరాల షాపుకి నడిచి వెళ్ళేవాడు. షాపు పెద్దాయన అతన్ని చూడగానే అడక్కుండా అద్దాల బీరువా తాళం తీసి, అతను మనసు పడ్డ కెమెరాని అతని చేతుల్లో పెట్టేవాడు. అది నిద్రపోతున్న పిల్లిలా అరచేతిలో ఒదిగిపోయేది.

లోపల అద్దం లేని కెమెరా అది. అతని పాతదానిలో ఒక చిన్న అద్దం ఉంది. మీట నొక్కిన ప్రతిసారీ అది రెప్పలా పైకి లేచి కిందపడుతుంది. టక్ మని మోగుతుంది. ఆ రెప్పపాటులో, చూస్తున్న కంటికి అంతా చీకటి. ఈ కొత్తదానికి అద్దమూ లేదు, చీకటీ లేదు. చప్పుడు వద్దనుకుంటే చప్పుడూ లేదు. షాపులో దొరికిన పుస్తకం ఇంటికి తెచ్చుకుని, దాని మీటలూ మెనూలూ అన్నీ కంఠస్థం చేశాడు. చేతిలో లేని కెమెరాని కళ్ళు మూసుకుని వాడగలిగినవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే.

"చాలు, ఇంక పెట్టేయండి. మీరు చూసే చూపుకి దానికి దిష్టి తగులుతుంది," అనేది భార్య, ఎప్పుడైనా వెంట వస్తే.

సరిగ్గా ఆ కెమెరానే అతని తోడల్లుడు కొన్నాడు.

తోడల్లుడంటే భార్య చెల్లెలి మొగుడు. బీమా ఆఫీసులో ఉద్యోగం. ఫోటోలతో అతనికి ఏ సంబంధమూ లేదు. ఒక ఆదివారం అత్తగారింట్లో అందరూ టీ తాగుతుంటే, సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసినంత మామూలుగా దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊరికే, సరదాకి తీసుకున్నానన్నయ్యా," అన్నాడు.

ఊరికే. సరదాకి. ఆ రెండు మాటలూ స్టూడియో ఆయన చెవిలో పడి, అక్కణ్ణుంచి కడుపులోకి జారాయి.

"వచ్చే మోడల్ కోసం ఆగకపోయావా తమ్ముడూ," అన్నాడు, గొంతు మామూలుగా ఉంచుకుని.

"ఆగడాలూ అవీ మాకెక్కడ తెలుస్తాయి బావా! అవన్నీ నీలాంటి పెద్ద ఫోటోగ్రాఫర్లకి," అంది మరదలు. అందరూ నవ్వారు. అత్తగారు కెమెరాని రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డ బరువు చూసినట్టు చూసి, "చిన్నల్లుడికి ధైర్యం ఎక్కువ," అంది. పెద్దల్లుడికి ఏది తక్కువో ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

దారిలో భార్య అతని మొహం చూసి, "ఉడుక్కుంటున్నారు," అంది.

"నాకెందుకు ఉడుకు?"

"మీ చెవులు ఎర్రబడ్డాయి."

"ఎండ."

"మబ్బు పట్టి ఉంది," అంది ఆవిడ, ఆకాశం చూపించి.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. రెండ్రోజులకొకసారి తోడల్లుడు ఫోన్ చేసేవాడు. "అన్నయ్యా, మొహం తెల్లగా వచ్చేస్తోంది, ఏ మీట తిప్పాలి?" "అన్నయ్యా, పక్షి ఎగిరితే దొరకడం లేదు." అతను చెప్పేవాడు. కళ్ళు మూసుకుంటే ఆ మెనూ మొత్తం కనిపించేది, ఎప్పుడో ప్రేమించి కట్టుకోలేకపోయిన మనిషి ఇంటి దారిలా. ఆ మనిషి ఇప్పుడు వేరేవాడి ఇంట్లో ఉంది. ఆ ఇంటికి దారి చెబుతున్నది తాను. "మూడో పేజీ, కింది నుంచి రెండోది," అనేవాడు. "అబ్బ, మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణి!" అనేవాడు అవతలివాడు. మనసారా అనేవాడు. అదే ఇంకా మంట.

అతనికంటూ మిగిలింది సంగీతశాల. పదహారేళ్ళుగా అక్కడి వార్షిక కచేరీకి ఫోటోలు తీసేది అతనే. మొదటి ఏడాది వయొలిన్లు సన్నగా, దారం మీద నీటిచుక్కలా జారుతున్న చోట టక్ మని నొక్కాడు. వాద్యబృందాన్ని నడిపించే మాస్టారు అన్నీ ఆపేసి వెనక్కి తిరిగి, "ఆ టకటకలాడేది ఎవరో వాళ్ళని బయటికి పంపండి," అన్నారు. అతను బయటికి పోలేదు. స్తంభం వెనక్కి పోయాడు. అక్కడ నిలబడి వింటుంటే ఒక ఉపాయం తట్టింది. వెనక వరసలో పెద్ద డ్రమ్ము ఉంది. దాని మీద దెబ్బ పడ్డప్పుడు హాలంతా ఒక్కసారి నిండిపోతుంది. ఆ క్షణంలో నొక్కితే? నొక్కాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

ఆ రోజు నుంచి అతను పాటలు నేర్చుకున్నాడు, వాయించడానికి కాదు, దాక్కోవడానికి. ఏ పాటలో ఎన్నో లెక్కకి దెబ్బ పడుతుందో ముందే వెళ్ళి రిహార్సల్లో విని గుర్తు పెట్టుకునేవాడు. దెబ్బకి రవ్వంత ముందు వేలు బిగించేవాడు. అతని ఫోటోల్లో వయొలిన్ కమానులన్నీ ఒకే వాలుగా ఉండేవి, తలలన్నీ ఒకే వైపు వంగేవి. "నీ ఫోటోల్లో పాట వినిపిస్తుందయ్యా," అనేవారు చూసినవాళ్ళు. ఎందుకు వినిపిస్తుందో అతనెవరికీ చెప్పలేదు. భార్యకి కూడా. ఆ దెబ్బని మాత్రం అతనెన్నడూ కళ్ళతో చూడలేదు. సరిగ్గా అప్పుడే లోపలి అద్దం లేచి అతని కంటికి చీకటి కమ్మేది. పదహారేళ్ళూ ప్రతి దెబ్బా అతని ముందే పడింది, అతను గుడ్డివాడై ఉన్నప్పుడు.

ఈ ఏడు కచేరీకి ఒక ప్రత్యేకత ఉంది. డ్రమ్ము వాయించే పెద్దాయనకి మణికట్లు పోయాయి. ఇదే ఆఖరు. చివరి పాటలో మాస్టారు ఆయనకోసం ఒక పెద్ద ముక్క పెట్టారు, మిగతావాళ్ళంతా ఆగి ఆయనొక్కడే వాయించేలా. ఆ ముక్కలో ఎన్ని దెబ్బలో స్టూడియో ఆయన నెల ముందే లెక్క కట్టుకున్నాడు.

తోడల్లుడి కూతురు అక్కడే వయొలిన్ నేర్చుకుంటోంది. రిహార్సల్ గదిలో ఒక సాయంత్రం వాడు కూతురికి నాలుగు ఫోటోలు తీశాడు. మాస్టారు చెవులు రిక్కించారు. ఏమీ వినపడలేదు. అంతే.

"ఈసారి మీ తోడల్లుడుగారి చేత తీయిద్దాం," అన్నారు మాస్టారు, స్టూడియో ఆయన భుజం మీద చేయి వేసి. "చీమ నడిచినంత చప్పుడు కూడా లేదండీ! మీరు హాయిగా కూర్చుని వినండి. పదహారేళ్ళు నిలబడ్డారు పాపం."

ఆ "పాపం" దగ్గర అతనికి చురుక్కుమంది. తల ఊపాడు. బయటికి వస్తుంటే హాల్లో ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నిలబడి పాత బల్బులు తీసేసి, కొత్త ఎల్‌ఈడీ లైట్లు బిగిస్తున్నాడు. కచేరీ ముందు హాలుకి కొత్త వెలుగట.

కచేరీకి రెండు రోజుల ముందు శుక్రవారం. షాపులో కూడా అలాంటి లైట్లే. చేతిలో పెట్టిన కెమెరాని చప్పుడు లేకుండా పెట్టి, ఊరికే షాపు పెద్దాయన మొహం తీశాడు. తెర మీద పెద్దాయన మొహానికి అడ్డంగా నల్లటి చారలు, కిటికీ ఊచల నీడ పడ్డట్టు.

"అది లైట్ల గొడవలేవయ్యా," అన్నాడు పెద్దాయన. "మన కంటికి కనపడదు గానీ అవి కొట్టుకుంటూ ఉంటాయి, గుండెలాగ. చప్పుడు లేకుండా తీస్తే ఆ కొట్టుకోవడం బొమ్మలో పడుతుంది."

అతనికి తెలుసు. మెనూలో ఐదో పేజీ. లైట్లు కొట్టుకునే వేగానికి కెమెరా వేగాన్ని కలిపే చోటొకటి ఉంది, లోపలెక్కడో. వెళ్ళి కలిపాడు. మళ్ళీ తీశాడు. చారలు లేవు. నిమిషం పట్టింది.

మర్నాడు తోడల్లుడు ఫోన్ చేశాడు. "రేపే కదన్నయ్యా. కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఇంకేమైనా చూసుకోవాలా?"

స్టూడియో ఆయన అప్పుడు ఒక పసివాడి పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు. కత్తెర ఆగింది. మాట నాలుక చివరికి వచ్చి, అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది.

"అంతా బాగానే ఉంది. భయపడకు," అన్నాడు.

ఆదివారం మూడింటికి కచేరీ. ఐదో వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. చేతుల్లో ఏమీ లేదు. పాత కెమెరా ఇంట్లో బీరువాలో ఉంది. తోడల్లుడు స్టేజీ ముందు అటూ ఇటూ పిల్లిలా తిరుగుతున్నాడు. నిజంగానే చప్పుడు లేదు. కొత్త వెలుగులో అన్నీ కడిగినట్టున్నాయి. మూడో పాటకి తోడల్లుడి కూతురు ముందుకొచ్చింది. మొదటిసారి స్టేజీ ఎక్కడం. గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని, తండ్రి కోసం ఒక్కసారి కళ్ళతో వెతికి, మొదలుపెట్టింది. దెబ్బ పడ్డ ప్రతిసారీ స్టూడియో ఆయన వేలు మోకాలి మీద నొక్కుకుంటోంది.

"కుదురుగా కూర్చోండి," అంది భార్య.

విరామంలో తోడల్లుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నయ్యా, ఇటు రండి. ఇదేంటో చూడండి."

అన్నిటి మీదా చారలు. మాస్టారు చేతుల మీద, వయొలిన్ల మీద, పిల్ల నుదుటి మీద.

నిజం చెప్పాలంటే ఆ క్షణం అతనికి తియ్యగానే ఉంది. మండుతున్న చోట చన్నీళ్ళు పోసినట్టు. ఆ తియ్యదనం పూర్తిగా గొంతు దిగకముందే పక్క తలుపు సందులోంచి డ్రమ్ము పెద్దాయన కనిపించాడు. ఒక కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో కుడి మణికట్టుకి గుడ్డ కట్టుకుంటున్నాడు. ముడి పడడం లేదు. పళ్ళతో పట్టుకుని లాగుతున్నాడు. ఇంకో అరగంటలో ఆయన ఆఖరి ముక్క. దాని మీద కూడా ఈ చారలే పడతాయి. మళ్ళీ తీద్దామంటే ఆ చేతులు ఉండవు.

"ఇటివ్వు," అన్నాడు.

బొటనవేలు దానంతటదే నడిచింది. ఐదో పేజీ, లోపలి గది, దాని లోపలి గది. కలిపాడు. స్టేజీ వైపు ఎత్తి ఒకటి తీశాడు. చారలు లేవు.

తోడల్లుడు బొమ్మ చూడలేదు. ఆ బొటనవేలినే చూస్తున్నాడు.

"ఇది మీకు ముందే తెలుసా?"

లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. భార్య పక్కనే నిలబడి అతని చెవుల వైపు చూస్తోంది.

"తెలుసు. శుక్రవారం నుంచి."

"నిన్న ఫోన్ చేశాను కదా."

"చేశావు."

చుట్టూ జనం కాఫీ కప్పులతో నవ్వుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఈ ఇద్దరి చుట్టూ మాత్రం ఒక ఖాళీ ఏర్పడింది.

"మా అమ్మాయి మొదటిసారి స్టేజీ ఎక్కింది," అన్నాడు తోడల్లుడు. "పొద్దుణ్ణుంచి పెదనాన్న వస్తాడా, పెదనాన్న వస్తాడా అని ప్రాణం తీసింది." అతని చేతిలోంచి కెమెరా లాక్కున్నాడు. "నీ కడుపుమంట చల్లారిందా అన్నయ్యా?"

ఇన్నేళ్ళుగా మీరు మీరు అన్నవాడు మొదటిసారి నువ్వు అన్నాడు. స్టూడియో ఆయన కళ్ళ ముందు పిల్ల నుదుటి మీది చార ఒక్కటే కదలకుండా ఉంది. గంట మోగింది.

రెండో సగమంతా తోడల్లుడు స్టేజీ పక్కనే ఉండి తీశాడు. ఆఖరి పాట మొదలవుతుండగా ఐదో వరసకి వచ్చి, వంగి, కెమెరా చాపాడు.

"నా చేతులు వణుకుతున్నాయి. నువ్వే తియ్యి," అన్నాడు పళ్ళ బిగువున. "చెడిపోతే నీ పేరు. బాగుంటే నా పేరు."

"సరే," అని లేచాడు స్టూడియో ఆయన.

అలవాటుగా స్తంభం వెనక్కి పోబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి, స్టేజీకి దగ్గరగా నడిచాడు. కమానులన్నీ దిగాయి. హాలు ఊపిరి బిగబట్టింది. పెద్దాయన ఒక్కడే లేచి నిలబడ్డాడు, గుడ్డ కట్టిన చెయ్యి పైకెత్తి. చప్పుడు చేయని కెమెరా అది, ఎప్పుడు నొక్కినా ఎవరికీ పట్టదు. అయినా వేలు దెబ్బ కోసమే ఆగింది. అంతకన్నా వేరే కాలం దానికి తెలీదు.

దెబ్బ పడింది. నొక్కాడు. చీకటి రాలేదు.

పదహారేళ్ళలో మొదటిసారి చూశాడు. కర్ర తోలుని తాకిన చోట తోలు నీటిలా లోపలికి వంగింది. దుమ్ము ఒక సన్నని వలయంగా లేచింది. వాయించేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటాడనుకున్నాడు ఇన్నాళ్ళూ, ఎందుకనుకున్నాడో గానీ. మూసుకోలేదు. తెరిచే ఉన్నాయి. నొప్పికి పెదవి ఒక పక్కకి లాగింది. కళ్ళు మాత్రం ఎవరో పిలిస్తే తిరిగి చూసినవాడిలా స్తంభం వైపు చూశాయి.

మళ్ళీ దెబ్బ. మళ్ళీ స్తంభం వైపు. ప్రతి దెబ్బకీ ఒకసారి.

చప్పట్లు అయిపోయాక, జనం పలచబడ్డాక, అతను స్టేజీ వెనక్కి వెళ్ళాడు. పెద్దాయన కర్రల్ని గుడ్డ సంచిలో పెడుతున్నాడు.

"రాలేదనుకున్నాను నువ్వు," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎందుకు రాను బాబాయ్? మీ ముందే నిలబడ్డాను."

"మరి నీ టక్ వినపడలేదే?"

"మీకు వినపడేదా?"

"ఏమనుకున్నావు?" పెద్దాయన నవ్వాడు. "హాలంతటికీ వినపడకపోవచ్చు. కొట్టేవాడికి వినపడదా? పదహారేళ్ళు నా దెబ్బ కింద నీ టక్ ఉంది. అది సరిగ్గా పడితే, నాది సరిగ్గా పడ్డట్టు. అప్పుడప్పుడు నీ వేలు కోసం రవ్వంత ఆగేవాణ్ణి కూడా. మాస్టారికి తెలిస్తే చంపేసేవాడు." గుడ్డ సంచి ముడి వేయబోయి చేతకాక అతని వైపు చాపాడు. "ఇవాళ వెతికాను. లేదు. ఒక్కణ్ణే కొట్టినట్టుంది."

అతను ముడి వేశాడు. చాలాసేపు వేశాడు.

పెద్దాయన ఫోటో చాలా బాగా వచ్చింది. సంగీతశాల గుమ్మంలో పెద్దది చేసి పెట్టారు, కింద తోడల్లుడి పేరుతో. మాటంటే మాటే. అత్తగారింట్లో అది చేతులు మారుతుంటే, "చిన్నల్లుడి చెయ్యి పడితే అంతే," అంది అత్తగారు. స్టూడియో ఆయనకి మళ్ళీ మండింది. తాను తీసిన ఫోటో మీద తనకే ఈర్ష్య పుట్టడం అతనికి కొత్త. తోడల్లుడు అతని వైపు చూసి, ఏదో అనబోయి, టీ కప్పు ఎత్తుకున్నాడు.

పిల్ల తన చారల ఫోటోలన్నీ నేల మీద పరుచుకుని కూర్చుంది. "పెదనాన్నా, చూడు, వానలో నిలబడి వాయిస్తున్నట్టున్నాను కదా!" అంది. ఇదే కావాలని ఒకటి ఎంచుకుంది కూడా. అందరూ నవ్వారు. అతనూ, తోడల్లుడూ నవ్వలేదు. ఆ ఫోటో ఇక తోడల్లుడి ఇంటి గోడ మీదే ఉంటుంది. వెళ్ళినప్పుడల్లా చూడాలి.

శుక్రవారం షాపు పెద్దాయన బీరువా తాళం తీస్తూ, "ఒక మంచి కబురు," అన్నాడు. "ఆరు నెలల్లో దీని తర్వాతది వస్తోందట."

"రానివ్వండి."

"ఆగవా?"

"అది వచ్చేలోగా ఎన్ని దెబ్బలు పడిపోతాయో," అన్నాడు అతను. పెద్దాయనకి అర్థం కాలేదు. "ఇదే కట్టండి. చూశాక మళ్ళీ ఆ చీకట్లోకి వెళ్ళలేను."

కట్టే ముందు ఒక్కసారి తీసుకుని, మెనూలో చప్పుడు ఉండేలా పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. చిన్నదే. పాతదాని అంత లావు గొంతు కాదు. మరీ మూగది మాత్రం కాదు. అలాగే ఉంచాడు.

ఇంటికి చేరేసరికి ఫోన్ మోగింది. కబురు అప్పుడే పాకింది, షాపు నుంచి భార్యకి ఫోన్లో చెప్పాడు, ఆవిడకి చెల్లెలి దగ్గర ఏదీ ఆగదు.

"కొన్నావటగా?" అన్నాడు తోడల్లుడు. కచేరీ తర్వాత వాడు మళ్ళీ మీరు అనలేదు.

"కొన్నాను."

"నాదేనా? కొత్త మోడలా?"

"నీదే. కొత్తది ఇంకా రాలేదు."

అవతల హమ్మయ్య అన్నట్టు ఒక నిట్టూర్పు వినపడింది, సన్నగా, దాచుకోబోయి దాచుకోలేనట్టు. స్టూడియో ఆయన దాన్ని వెంటనే పోల్చుకున్నాడు. ఎవరికీ వినపడదనుకుంటూ తొమ్మిదేళ్ళుగా తాను విడుస్తున్నదే అది.

"ఆరు నెలల్లో వస్తుందట," అన్నాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.